కృత్రిమ టోనింగ్ (నాణేలు)

నాణేనికి, తరచు కడిగి శుభ్రం చేసిన పాత నాణేనికి, రసాయనాలతోనో వేడితోనో మళ్లీ పాతదనపు రంగు తెప్పించడాన్ని కృత్రిమ టోనింగ్ అంటారు. వెండి గాలిలోని గంధక సమ్మేళనాలతో చర్య జరిపినప్పుడు ఏర్పడే పలుచని సల్ఫైడ్ పొర మందాన్ని బట్టి పసుపు, ఊదా, నీలం రంగులు కనిపిస్తాయి. అమెరికా పాత మోర్గాన్ వెండి డాలర్లలో (1878–1904, 1921) కొన్ని, దశాబ్దాలపాటు ఖజానా గుడ్డ సంచుల్లో ఉండి ఇంద్రధనుస్సు రంగులు తేలాయి. వాటికి సేకరణకర్తలు ఎక్కువ ధర పెడతారు. మోసానికి ఆశ పుట్టేది ఇక్కడే.

తోమిన నాణెంపై సన్నని గీతలు పడతాయి, ముద్రణనాటి మెరుపు పోతుంది. పొటాషియం సల్ఫైడ్ ద్రావణంతో రంగు తెప్పిస్తే గీతలు కొంత మరుగున పడతాయి గాని, పోయిన మెరుపు తిరిగి రాదు. రంగు సహజమైనది కాదని అనుమానిస్తే పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి గ్రేడింగ్ సంస్థలు అంకెల గ్రేడు ఇవ్వవు. అయినా గంధకమున్న కాగితపు కవరులో కావాలనే ఏళ్ల తరబడి ఉంచిన నాణేన్ని ఏమనాలన్నది తేలని ప్రశ్న. జరిగే చర్య అదే, ఉద్దేశమే వేరు. అందుకే తప్పు, రంగు తెప్పించడంలో కన్నా ఆ సంగతి దాచి అమ్మడంలో ఎక్కువగా ఉంది. నోటిమాట తర్వాతి కొనుగోలుదారు దాకా చేరదు కనుక, అమ్మకందారు ఆ సంగతిని బిల్లుపైనే రాసివ్వాలి.