నవాజోల లాంగ్ వాక్ నుంచి పసిబిడ్డల జన్యు చికిత్స దాకా



పోయిన వారం మన గ్రూప్‌లో సికిల్ సెల్ టెస్టుల మీద చర్చ జరిగింది కదా. ఒక తమ్ముడు అడిగాడు: "మనవాళ్ళకే ఈ జబ్బులు ఎందుకు ఎక్కువన్నా? మనలో మనం పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్లేనా?" ఇంకో చెల్లి అడిగింది: "రక్తం ఇస్తాం సరే, దాంతో ఏం చేస్తారో మనకెవరు చెప్తారు?" ఈ రెండు ప్రశ్నలూ మనకంటే ముందే ఇంకో ఆదివాసీ జాతి అడిగింది. వాళ్ళు అమెరికాలోని నవాజోలు. వాళ్ళ భాషలో తమను తాము 'దినే' అని పిలుచుకుంటారు. వాళ్ళ కథ చెప్తాను. కాస్త పెద్ద పోస్టే, టైం తీసుకుని పూర్తిగా చదవండి.

ముందు భూమి సంగతి. నవాజోల నేల ఇప్పటి అరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాల్లో ఉంది. గొర్రెలు, మొక్కజొన్న, పీచ్ తోటలు వాళ్ళ బతుకు. 1863లో అమెరికా సైన్యం కిట్ కార్సన్ అనే అధికారిని వాళ్ళ మీదికి పంపింది. ఆయన నేరుగా చేసిన యుద్ధం తక్కువ. పంటలు తగలబెట్టాడు, గొర్రెలను చంపించాడు. ఆకలికి తట్టుకోలేక జనం లొంగిపోయారు. 1864లో వాళ్ళను గుంపులు గుంపులుగా దాదాపు 500 కిలోమీటర్లు నడిపించి, న్యూ మెక్సికోలో పెకోస్ నది ఒడ్డున బోస్కె రెడొండో అనే చోటికి తీసుకెళ్ళారు. దీన్నే లాంగ్ వాక్ అంటారు. నడవలేని ముసలివాళ్ళు, నిండు గర్భిణులు దారిలోనే రాలిపోయారు.

అక్కడ 8 వేలకు పైగా జనాన్ని కుక్కారు. నీళ్ళు ఉప్పన, పంటలకు పురుగు, జనానికి మశూచి, విరేచనాలు. నాలుగేళ్ళలో 2 వేల మందికి పైగా చనిపోయారని అంచనా. చివరికి బార్బొన్సిటో లాంటి పెద్దలు జనరల్ షెర్మన్ ముందు కూర్చుని, మా నేలకు మమ్మల్ని పోనివ్వండని పట్టుబట్టారు. 1868 జూన్ 1న ఒప్పందం జరిగింది. సొంత నేలకు తిరిగి వెళ్ళిన కొద్ది ఆదివాసీ జాతుల్లో వాళ్ళు ఒకరు.

ఇప్పుడు జబ్బు దగ్గరికి వద్దాం. ఇరవయ్యో శతాబ్దంలో నవాజో రిజర్వేషన్ ఆసుపత్రుల్లో డాక్టర్లు ఒక సంగతి గమనించారు. పుట్టినప్పుడు బాగానే ఉన్న బిడ్డకు కొన్ని వారాలకే నోట్లో మానని పుండ్లు, విరేచనాలు, నిమోనియా. ఏ మందూ పనిచేయదు, ఏడాది తిరక్కుండానే బిడ్డ పోతుంది. అదే ఇంట్లో ఇంకో బిడ్డకూ అదే గతి. 1980లో లాన్సెట్ పత్రికలో దీని మీద ఒక వ్యాసం వచ్చింది. ఆ జబ్బును పొట్టిగా 'స్కిడ్' అంటారు. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేకపోవడం. అమెరికా మొత్తం మీద చూస్తే సుమారు 58 వేల మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది. నవాజోల్లో 2 వేల మందిలో ఒకరికి.

ఎందుకిలా? వెదురు పని తెలిసినవాళ్ళకు సులభంగా అర్థమవుతుంది. ఒకే వెదురును చీల్చి, ఆ బద్దలనే రకరకాలుగా అల్లి తట్ట, చేట, బుట్ట చేస్తాం. మన తెల్ల రక్తకణాలు కూడా అంతే. ఒకే డీఎన్ఏను అక్కడక్కడ కోసి, ముక్కలను కొత్త వరసలో అతికించి, ఒక్కో క్రిమిని గుర్తుపట్టడానికి ఒక్కో ఆయుధం తయారు చేసుకుంటాయి. కోసినప్పుడు ముక్కల చివరలు మూసుకుపోతాయి. వాటిని మళ్ళీ విప్పే కత్తి ఒకటుంది. దాని పేరు ఆర్టెమిస్. ఆ కత్తి లేకపోతే అతుకు పడదు, ఆయుధం తయారవదు. ఈ జన్యువును 2001లో పారిస్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. 2002లో నవాజో, అపాచీ పిల్లల్లో ఆ జన్యువులో ఒకే చోట, ఒకే రకం తప్పు ఉందని తేలింది.

అందరిలో ఒకే తప్పు ఉందంటే అది ఎప్పుడో ఒక పూర్వీకుడి దగ్గర మొదలై వంశాల్లోకి దిగి వచ్చిందన్నమాట. తల్లి దగ్గర నుంచి ఒకటి, తండ్రి దగ్గర నుంచి ఒకటి, రెండూ తప్పు కాపీలే వస్తేనే బిడ్డకు జబ్బు. ఒక్క కాపీ ఉన్నవాళ్ళకు ఏమీ కాదు. 2 వేలలో ఒకరికి జబ్బు అంటే, సుమారు 20-25 మందిలో ఒకరు ఆ కాపీని తెలియకుండానే మోస్తున్నారని లెక్క.

"అంటే దగ్గరి పెళ్ళిళ్ళ వల్లే కదా" అని ఎవరైనా అనొచ్చు. కాదు. నవాజో మనిషి తనను పరిచయం చేసుకునేటప్పుడు నాలుగు వంశాల పేర్లు చెప్తాడు: తల్లిది, తండ్రిది, తల్లి తండ్రిది, తండ్రి తండ్రిది. తల్లి వంశంలోగానీ తండ్రి వంశంలోగానీ పెళ్ళి నిషేధం. మన గోండుల్లో నాలుగు దేవుళ్ళ సగ, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళ సగ ఉన్నట్టే. ఒకే సగ వాళ్ళు అన్నదమ్ములు, పెళ్ళి మాటే ఉండదు. మరి జబ్బు ఎలా పెరిగింది? జనాభా ఒక్కసారిగా పడిపోయి, మిగిలిన కొద్దిమంది నుంచే మళ్ళీ జాతి పెరిగితే, ఆ కొద్దిమందిలో ఎవరి దగ్గరున్న తప్పు కాపీ అయినా మొత్తం జాతిలో పాకుతుంది. లాంగ్ వాక్ అలాంటి ఇరుకు దారి అని చాలామంది అంటారు.

ఇక్కడ మనం నిజాయితీగా ఉండాలి. ఇదే తప్పు అపాచీల్లోనూ ఉంది, ఎక్కడో ఉత్తరాన కెనడాలో ఉన్న వాళ్ళ భాషా బంధువుల్లోనూ ఉంది. అంటే ఆ తప్పు లాంగ్ వాక్ కంటే చాలా పాతది, ఈ జాతులు విడిపోకముందుది. సైన్యం దాన్ని పుట్టించలేదు. కానీ చిన్న జాతిని ఇంకా చిన్నది చేసిన ప్రతి దెబ్బా అలాంటి కాపీల వాటా పెరిగే ప్రమాదాన్ని పెంచుతుంది. ఇందులో ఆచారాల తప్పేమీ లేదు. చరిత్ర చేసిన గాయం రక్తంలో కూడా లెక్క రాసిపెడుతుంది.

ఇక వైద్యం. 1968లో మిన్నెసోటాలో రాబర్ట్ గుడ్ బృందం స్కిడ్ ఉన్న ఒక బాబుకు అక్క ఎముక మజ్జ ఎక్కించి బతికించింది. అప్పటి నుంచి అదే దారి. అయితే సరిపోయే మజ్జ అందరికీ దొరకదు. పైగా ఆర్టెమిస్ లేని పిల్లలకు ఇంకో చిక్కు. ఈ కత్తి తెగిన డీఎన్ఏను బాగుచేసే పనిలో కూడా ఉంటుంది. అది లేని ఒంటికి మామూలు మోతాదు కీమో ఇస్తే తట్టుకోలేదు. బతికిన పిల్లల్లో కొందరు ఎదగలేదు, పళ్ళు సరిగా రాలేదు.

మరి బిడ్డ సొంత మజ్జనే బాగుచేస్తే? ఆ ఆలోచన 1990లోనే అమెరికాలో ఇంకో రకం స్కిడ్ మీద మొదలైంది. 2000లో పారిస్‌లో అలైన్ ఫిషర్ బృందం మూడో రకం స్కిడ్ పిల్లలను నయం చేశామని ప్రకటించింది. లోకమంతా సంబరపడింది. రెండు మూడేళ్ళకే ఆ పిల్లల్లో కొందరికి లుకేమియా వచ్చింది. మంచి జన్యువును మోసుకెళ్ళిన వైరస్, క్యాన్సర్‌ను రేపే జన్యువు పక్కన వెళ్ళి కూర్చుంది. ఒక బిడ్డ చనిపోయింది కూడా. ఆ దెబ్బతో శాస్త్రవేత్తలు వైరస్‌లను మార్చి, ఇంకా జాగ్రత్తైన బండ్లు తయారు చేసుకున్నారు. వాటిలో ఒకటి లెంటివైరస్. హెచ్ఐవీ వైరస్ నుంచి హాని చేసే భాగాలు తీసేసి చేసింది.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని యూసీఎస్ఎఫ్‌లో మార్టన్ కోవన్, జెన్నిఫర్ పక్ అనే ఇద్దరు డాక్టర్లు ఏళ్ళ తరబడి నవాజో పిల్లలకు వైద్యం చేస్తూ వచ్చారు. పక్ చేసిన ఇంకో పెద్ద పని, పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలో స్కిడ్‌ను పట్టే పరీక్ష. నవాజో నేషన్‌లో 2009లో ఆ పరీక్ష మొదలైంది. 2018 చివరికి అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ ప్రతి బిడ్డకూ వచ్చింది. పుండ్లు రాకముందే, రెండు మూడు వారాల వయసులోనే జబ్బు తెలిసిపోతోంది.

2018లో వాళ్ళు ఆర్టెమిస్ జన్యు చికిత్స మొదలుపెట్టారు. బిడ్డ మజ్జ తీసి, అందులోని మూలకణాల్లోకి లెంటివైరస్‌తో మంచి ఆర్టెమిస్ కాపీని చేర్చి, తక్కువ మోతాదు కీమో ఇచ్చి, ఆ కణాలనే తిరిగి ఎక్కించడం. చాలామంది దీన్ని 'జీన్ ఎడిటింగ్' అనేస్తున్నారు. ఇది ఎడిటింగ్ కాదు. పాత తప్పు అక్కడే ఉంటుంది, పక్కన మంచి కాపీ చేరుతుంది. 2022 డిసెంబర్‌లో 10 మంది పిల్లల ఫలితాలు వచ్చాయి. పదిమందీ బతికారు. అందరిలోనూ టి-కణాలు పుట్టాయి. నలుగురికి మధ్యలో సొంత ఎర్ర కణాలే నాశనమయ్యే సమస్య వచ్చి తగ్గింది. ఖర్చు భరించింది మందుల కంపెనీ కాదు. కాలిఫోర్నియా మూలకణ సంస్థ, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు, అంటే ప్రజల సొమ్ము. ఇంత తక్కువమందికి వచ్చే జబ్బులో కంపెనీకి లాభం ఉండదు కదా.

ఇక్కడితో ఆపితే ఇది డాక్టర్ల కథ అవుతుంది. రెండో సగం జనానిది. అదే అరిజోనాలో, గ్రాండ్ కాన్యన్ లోపల హవాసుపాయి అనే చిన్న జాతి ఉంది. 1990లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు షుగర్ జబ్బు పరిశోధన అని చెప్పి వాళ్ళ రక్తం తీసుకున్నారు. తర్వాత అదే రక్తాన్ని మానసిక జబ్బుల మీద, ఆ జాతి ఎక్కడి నుంచి వచ్చిందన్న దాని మీద పరిశోధనలకు వాడారు. జనానికి చెప్పలేదు. ఈ సంగతి ఆ జాతికి చెందిన ఒక స్టూడెంట్ అదే యూనివర్సిటీలో ఒక సెమినార్‌కు వెళ్ళి విన్నాక బయటపడింది. కోర్టుకెళ్ళారు. 2010లో యూనివర్సిటీ 41 మందికి 7 లక్షల డాలర్లు ఇచ్చి, రక్తం నమూనాలు వెనక్కిచ్చింది. నవాజోలు 2002లోనే తమ నేల మీద జన్యు పరిశోధనను ఆపేశారు. అంతకు ముందే 1996లో సొంత పరిశోధన సమీక్ష బోర్డు పెట్టుకున్నారు. అడిగి, అర్థం చేసుకుని, ఒప్పుకుంటేనే రక్తం. వైద్యానికి వాళ్ళు అడ్డు చెప్పలేదు. తమకు చెప్పకుండా చేసే పరిశోధనకే అడ్డు చెప్పారు.

మన దగ్గరికి వద్దాం. మన దేశంలో సికిల్ సెల్‌ను మొదట 1952లో గుర్తించింది నీలగిరి కొండల ఆదివాసుల్లోనే. ఈ రోజు ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు ఏజెన్సీల్లో ఆ జబ్బు తెలియని ఊరు తక్కువ. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది, 7 కోట్ల మందికి టెస్టులు అంది. 2023 చివర్లో బ్రిటన్, అమెరికాల్లో సికిల్ సెల్‌కు క్రిస్పర్ చికిత్స అనుమతి పొందింది. అది నిజంగా జీన్ ఎడిటింగే. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. 2025 నవంబర్‌లో మన సీఎస్ఐఆర్ శాస్త్రవేత్తలు సొంతంగా చేసిన సికిల్ సెల్ క్రిస్పర్ చికిత్సకు బిర్సా 101 అని పేరు పెట్టారు. బిర్సా ముండా పేరు. సంతోషమే. కానీ ఆ పేరు పెట్టుకున్న మందు బిర్సా మనవళ్ళ ఊళ్ళకు చేరాలి కదా.

నేను ఇంటర్ చదివేటప్పుడు మా హాస్టల్‌కు ఒక టీం వచ్చి లైన్‌లో నిలబెట్టి అందరి రక్తం తీసుకుంది. ఎందుకో చెప్పలేదు, రిజల్ట్ ఇవ్వలేదు. మేమూ అడగలేదు. అడగాలని కూడా మాకు తెలియదు. ఆ రోజు ఒక్కరైనా అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, టెస్టుకు భయపడి పారిపోకండి. చేయించుకోండి. ఒక చుక్క రక్తం వల్లే ఆ నవాజో పిల్లలు బతికారు. కానీ మూడు మాటలు అడగండి: ఎందుకు తీస్తున్నారు? రిజల్ట్ నా చేతికి ఎప్పుడు ఇస్తారు? మిగిలిన రక్తం ఏం చేస్తారు? రాసిన కాగితం మన భాషలో చదివి వినిపించమనండి. "మీ ఆచారాల వల్లే ఈ జబ్బులు" అని క్లాసులో ఎవరైనా అంటే తల దించుకోకండి. నవాజోల కథ చెప్పండి.

మీ ఊళ్ళో టెస్టులు ఎలా జరిగాయో, కార్డులు వచ్చాయో లేదో కింద రాయండి. పేర్లు వద్దు, ఊరు, మండలం చాలు.

జోహార్. జై ఆదివాసీ.