ప్లగ్గు పానా కథ



పూరీ, గోపాల్‌పూర్ ఒడ్డున తరాలుగా స్థిరపడిన మన మత్స్యకారులు గానీ, యానాం దగ్గర గౌతమిలో పడవ నడిపేవారు గానీ, మోటారు రాకముందు దేన్ని నమ్ముకున్నారు? తెడ్డును, తెరచాపను, గాలిని. తెడ్డు విరిగితే మరో కర్ర చెక్కుకునేవారు. చాప చిరిగితే కుట్టుకునేవారు. పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డు మోటారు వచ్చాక కొత్త చిక్కు వచ్చిపడింది. నడిసముద్రంలో ప్లగ్గు మసిబారి మోటారు ఆగిందంటే, దాన్ని విప్పడానికి సరైన పానా కావాలి. చేతితో రాదు, పట్టకారుతో పట్టబోతే పింగాణీ పగులుతుంది. ఆ చిన్న పానాకూ ఒక చరిత్ర ఉంది. ఈ పూట దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఇంజనులో ఇంధనాన్ని విద్యుత్తు నిప్పురవ్వతో అంటించే పద్ధతిని 1860లో లెన్వా అనే ఆయన ప్యారిస్‌లో తన గ్యాసు ఇంజనులో వాడాడు. 1902లో జర్మనీలో రాబర్ట్ బాష్ కర్మాగారంలో పనిచేసే హోనోల్డ్, ఎక్కువ వోల్టేజి ఇచ్చే మాగ్నెటోనూ, దానికి తగిన ప్లగ్గునూ తయారుచేశాడు. అక్కడినుంచి ప్లగ్గు నమ్మకమైన వస్తువైంది. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో పడవ వెనక తగిలించే మోటారును అమ్మకానికి పెట్టాడు. ఎండలో పడవ తెడ్డు వేసుకుంటూ ఐస్‌క్రీము తెచ్చేసరికి అది కాస్తా కరిగిపోయిందనీ, ఆ కష్టంలోనే ఈ ఆలోచన పుట్టిందనీ ఒక కథ చెబుతారు. తరువాత జపాను వాళ్లు ఈ రంగంలోకి వచ్చారు. యమహా మొదటి మోటారు 1960లో, సుజుకీది 1965లో వచ్చాయి. ఎవిన్‌రూడ్ పేరుతో మోటార్ల తయారీ మాత్రం 2020లో ఆగిపోయింది.

ఇక అసలు సంగతికి వద్దాం. ప్లగ్గు ఐరోపాలో పెరిగిన వస్తువు. అందుకే సిలిండరులో బిగిసే మరకు మిల్లీమీటరు కొలత స్థిరపడింది. మొదట 18, తరువాత 14. అమెరికాలో తొలిరోజుల్లో అంగుళాల మరలు ఉండేవి. ఫోర్డు మోడల్ టీ కారు ప్లగ్గుది అర అంగుళం పైపు మర. క్రమంగా వాళ్లూ మిల్లీమీటరు మరకు మారారు. కానీ పానా పట్టే ఆరు పలకల తలను మాత్రం అంగుళాల్లోనే లెక్కించారు. అలా ఒకే ప్లగ్గులో ఒంటికి మిల్లీమీటరు, తలకు అంగుళం కుదిరాయి. మన దేశంలో 1956 చట్టంతో మీటరు కొలతలు వచ్చినా, షెడ్డుల్లో పానాల పెట్టెలో రెండు రకాలూ కలిసే ఉండేవి.

ఈ చిక్కు ఎంత దూరం తీసుకుపోతుందో 1990ల మొదట్లో మా ఒడ్డున కళ్లారా చూశాను. ఒక కుర్రవాడు పట్నం వెళ్లి "పద్నాలుగు ప్లగ్గుకు పానా ఇవ్వండి" అని అడిగాడు. దుకాణంలో 14 నంబరు పానా చేతిలో పెట్టారు. సముద్రం మీద మోటారు ఆగింది. పానా ప్లగ్గు తలకు ఎక్కనే లేదు. పడవ పొద్దువాలేదాకా కొట్టుకుపోయింది. అటుగా వస్తున్న మరో పడవవాళ్లు తాడువేసి లాక్కొచ్చారు. ఒడ్డుకు చేరాక వాళ్ల పెదనాన్న ఒకే మాట అన్నాడు: "పద్నాలుగు దాని ఒళ్లురా అబ్బాయ్, పానాకు కావలసింది తల కొలత."

ఆ మాటలో శాస్త్రమంతా ఉంది. పాత రకం అవుట్‌బోర్డు మోటార్లలో ఎక్కువగా కనిపించే 14 మిల్లీమీటర్ల మర ప్లగ్గుకు తల 13/16 అంగుళం, అంటే దాదాపు 21 మిల్లీమీటర్లు. ఆ రెండు పానాల్లో ఏదైనా పడుతుంది. వదులుగా ఉండే 22 పెడితే పలకలు అరిగి, ఆ తరువాత ఏ పానాకూ పట్టు దొరకదు. కొత్త మోటార్లు కొన్నింటిలో తల చిన్నది. దానికి 5/8 అంగుళం లేదా 16 మిల్లీమీటర్ల పానా కావాలి. కనుక పాత ప్లగ్గును వెంట తీసుకువెళ్లి, దాని తలకు పెట్టి చూసి కొనడమే మేలు. గొట్టంలా పొడవుగా ఉండి, లోపల పింగాణీని పట్టే రబ్బరు ఉన్నదైతే మరీ మంచిది.

కిరోసిన్ మోటారు వాడేవారికి ఈ పని మరీ తరచు. పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక కిరోసిన్‌కు మారుస్తారు. కిరోసిన్ అంత శుభ్రంగా కాలదు, మసి త్వరగా పడుతుంది. డీజిల్ ఇంజనుకు ఈ బెడద లేదు; అదిమిన గాలి వేడికే అందులో నూనె అంటుకుంటుంది.

ప్లగ్గు మార్చేటప్పుడు ఇంజను చల్లారనివ్వాలి. కొత్తదాన్ని ముందు వేళ్లతోనే తిప్పి ఎక్కించాలి. మొదటే పానా వేస్తే అడ్డంగా ఎక్కి, మెత్తని అల్యూమినియం మర చెడిపోతుంది. వాషరు ఆనాక పానాతో ఇంకో అరచుట్టు తిప్పితే చాలు.

ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. పానాకు గ్రీజు రాసి, గుడ్డలో చుట్టి, రెండు కొత్త ప్లగ్గులతో సహా పడవలోనే ఉంచండి. ఇంట్లో దాచిన పానా సముద్రంలో అక్కరకు రాదు. బయలుదేరే ముందు ఒక్కసారి ఒడ్డునే ప్లగ్గు తలకు పెట్టి చూసుకోండి. మన పెద్దలు తెడ్డు చూసుకోకుండా అల దాటలేదు.