నోటి శ్వాసను మాన్పించాలంటే మొదట ముక్కు దారి తెరవాలి
పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో పిల్లలు, పెద్దల శ్వాస ఆరోగ్యంపై ప్రత్యేక వ్యాసం

పిల్లలు నోరు తెరిచి నిద్రపోవడం, తరగతిలో నోరు తెరుచుకుని కూర్చోవడం, పెద్దలు రాత్రంతా గురకపెట్టి తెల్లవారేసరికి నాలుక పిడచకట్టి లేవడం అనేక కుటుంబాలలో సర్వసాధారణ విషయాలుగా పరిగణింపబడుతున్నాయి. దీనిని కేవలం ఒక దురలవాటుగా భావించి పిల్లలను మందలించడమే తప్ప, వైద్యునికి చూపించే వారు తక్కువ. వాస్తవానికి నోటి శ్వాస చాలా సందర్భాలలో ముక్కు దారి మూసుకుపోయిందనడానికి సూచన. అడ్డంకి తొలగిన తరువాత కూడా మిగిలిపోయినప్పుడు మాత్రమే అది అలవాటు. ఈ వరుసను గుర్తించి, మొదట ముక్కును పరీక్షించి, ఆ తరువాతనే అలవాటును సరిదిద్దవలసి ఉంటుంది. రాతి పలకల పరిశ్రమ ఉన్న మార్కాపురం, మెట్ట సేద్యం ప్రధానమైన గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం పరిసరాలలో ఈ విషయానికి మరింత ప్రాధాన్యం ఉన్నది.

ముక్కు చేసే పని

ముక్కు కేవలం గాలి పోయే మార్గం కాదు. పీల్చిన గాలిని అది శరీర ఉష్ణోగ్రతకు దగ్గరగా తీసుకువచ్చి, తేమను చేర్చి, వడపోసి ఊపిరితిత్తులకు పంపుతుంది. 10 మైక్రాన్లకు మించిన దుమ్ము కణాలలో అత్యధిక భాగం ముక్కులోని వెంట్రుకలకు, జిగురు పొరకు అంటుకుని అక్కడే నిలిచిపోతాయి. ముక్కు చుట్టూ ఉన్న గాలి గదులలో నైట్రిక్ ఆక్సైడ్ వాయువు అధికంగా ఉత్పత్తి అవుతుందని 1995లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు వెల్లడించారు. ముక్కుతో పీల్చినప్పుడు ఈ వాయువు గాలితో కలిసి ఊపిరితిత్తులకు చేరి రక్తప్రసరణకు తోడ్పడుతుంది. నోటితో పీల్చినప్పుడు ఈ ప్రయోజనాలు చాలావరకు లభించవు.

అయితే నోటి శ్వాస ఎల్లవేళలా దోషం కాదు. నిమిషానికి సుమారు 35 లీటర్లకు మించి గాలి అవసరమయ్యే శ్రమలో మనిషి సహజంగానే ముక్కుతో పాటు నోటిని కూడా ఉపయోగిస్తాడు. బరువు మోసే కూలీ, పరుగెత్తే బాలుడు నోరు తెరవడం సహజం. విశ్రాంతిలోను, నిద్రలోను నోరు తెరిచి శ్వాసించడమే గమనించవలసిన లక్షణం.

పిల్లలలో కారణాలు, పర్యవసానాలు

పిల్లలలో ప్రధాన కారణం ముక్కు వెనుక భాగంలో ఉండే ఎడినాయిడ్ గ్రంథులు పెరగడం. ఇవి సుమారు 3 నుండి 7 సంవత్సరాల మధ్య పెద్దవిగా ఉండి, కౌమారం నాటికి చాలావరకు కుంచించుకుపోతాయి. టాన్సిల్స్ వాపు, అలర్జీ వలన తరచు వచ్చే తుమ్ములు, ముక్కు దిబ్బడ, ముక్కులో అడ్డుగోడ వంకరగా ఉండటం ఇతర కారణాలు. ఒకవైపు ముక్కు నుండి మాత్రమే దుర్వాసనతో కూడిన చీమిడి కారుతుంటే, పిల్లవాడు గింజ, పూస, బలపం ముక్క వంటివి ముక్కులో పెట్టుకుని ఉండవచ్చునని అనుమానించాలి. వాటిని ఇంటివద్ద తీయడానికి ప్రయత్నించరాదు.

అడ్డంకి చాలాకాలం కొనసాగినట్లయితే నోరు ఎండిపోయి దంతక్షయం, చిగుళ్ళ వాపు పెరుగుతాయి. నాలుక అంగిలికి ఆనక కిందికి జారి ఉండటం వలన పై దవడ ఇరుకుగాను, ముందు పళ్ళు ఎత్తుగాను ఎదిగే అవకాశం ఉన్నది. కోతుల ముక్కు దారిని మూసి పరిశీలించిన ఈగిల్ హార్వోల్డ్ బృందం, వాటి దవడల ఎదుగుదలలో మార్పులు వచ్చినట్లు 1981లో ప్రకటించింది. మనుషులలో వంశపారంపర్యం వంటి ఇతర కారణాలు కూడా ఉన్నందున ఎత్తు పళ్ళన్నింటికీ నోటి శ్వాసే మూలమని చెప్పడం సరికాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది వినికిడి. ఎడినాయిడ్స్ పెరిగినప్పుడు చెవికి, గొంతుకు మధ్యనున్న సన్నని గొట్టం సరిగా పనిచేయక కర్ణభేరి వెనుక ద్రవం చేరుతుంది. నొప్పి లేకుండానే వినికిడి మందగిస్తుంది. పిలిస్తే పలకని, పాఠం వినని విద్యార్థి మొండివాడని, మందబుద్ధి అని ముద్ర వేయబడే ప్రమాదం ఉన్నది. రాత్రి గురక, నిద్రలో శ్వాస ఆగి ఆగి రావడం వలన నిద్ర చాలక పగలు చిరాకు, అస్థిమితం కూడా కనిపిస్తాయి. ఉపాధ్యాయులు నోరు తెరిచి ఉండే పిల్లలను మందలించే ముందు వారి చెవులను, ముక్కును పరీక్షింపజేయడం శ్రేయస్కరం.

ఫ్లోరైడ్ ప్రాంతాలలో ప్రత్యేక జాగ్రత్త

పశ్చిమ ప్రకాశంలోని అనేక గ్రామాలలో భూగర్భజలాలలో ఫ్లోరైడ్ సమస్య చిరకాలంగా ఉన్నది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరొక నీటి వనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చునని 2012 నాటి భారతీయ ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. ఫ్లోరోసిస్ వలన పళ్ళపై తెల్లని, గోధుమ రంగు మచ్చలు ఏర్పడతాయి. పంటి పింగాణీ ఆరిపోయినప్పుడు తెల్లని మచ్చలు మరింత స్పష్టంగా కనిపిస్తాయి కాబట్టి, నోరు తెరిచి ఉండే పిల్లల పై ముందు పళ్ళలో అవి ఉన్నదానికంటె ఎక్కువగా అనిపించవచ్చు. పాఠశాలలలో పరీక్షించే సిబ్బంది మచ్చలను చూచి ఫ్లోరోసిస్ అని నమోదు చేసి ఊరుకొనక, ఆ పిల్లవాడు ముక్కుతో శ్వాసించగలుగుతున్నాడా అన్నది కూడా పరిశీలించాలి.

పలకల పరిశ్రమ, రాతి ధూళి

మార్కాపురం పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది రాతి పలక. కంభం పేరుతోనే భూగర్భశాస్త్రంలో గుర్తింపు పొందిన రాతి పొరల నుండి వెలికితీసిన రాయి తరతరాల విద్యార్థులకు అక్షరాలు నేర్పినది. ఈ పరిశ్రమలో బాలకార్మికుల సమస్య తీవ్రతను గుర్తించి, 1987 నాటి జాతీయ బాలకార్మిక విధానం ప్రత్యేక పథకాలు అమలు చేయవలసిన పరిశ్రమల జాబితాలో మార్కాపురం పలకల తయారీని చేర్చినది. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ పలకల పరిశ్రమ కూడా అదే జాబితాలో ఉన్నది. మంద్‌సౌర్‌లో బలపాల కోత కార్మికులలో సిలికోసిస్ వ్యాధిని వైద్య పరిశోధకులు నిర్ధారించారు. 2016 సవరణ తరువాత 14 సంవత్సరాల లోపు పిల్లలను ఏ పనిలోనైనా నియమించుకోవడం నిషిద్ధం. కుటుంబ వృత్తిలో బడి వేళల అనంతరం సహాయానికి మినహాయింపు ఉన్నప్పటికీ, ప్రమాదకర పనులకు అది వర్తించదు.

రాయిని కోసేటప్పుడు, అరగదీసేటప్పుడు లేచే ధూళిలో స్ఫటిక సిలికా ఉంటుంది. శ్రమ పెరిగి నోటితో గాలి పీల్చే కార్మికునిలో ముక్కు వడపోత తప్పిపోయి ఎక్కువ ధూళి లోపలికి వెళుతుంది. అయితే ముక్కుతో శ్వాసిస్తే సరిపోతుందని భావించడం అంతకంటె ప్రమాదకరం. ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీసేవి కంటికి కనిపించని, సుమారు 4 మైక్రాన్లకు లోబడిన సూక్ష్మ కణాలు. వీటిని ముక్కు పూర్తిగా ఆపలేదు, మూతికి కట్టుకున్న తువ్వాలు కూడా ఆపలేదు. కోసే చోట నీరు చల్లడం, యంత్రం వద్దనే ధూళిని పీల్చివేసే ఏర్పాటు, పొడి చీపురుతో ఊడ్వకపోవడం ప్రధాన రక్షణలు. ఎన్-95 తరగతి మాస్కు వీటికి అదనమే గాని ప్రత్యామ్నాయం కాదు. సిలికోసిస్‌ను 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో చేర్చగా, 2020 నాటి వృత్తి భద్రత కోడ్ కూడా దానిని కొనసాగించినది. ఈ వ్యాధి సోకిన వారికి క్షయ ముప్పు కూడా అధికం. కాబట్టి రాతి పనిలో ఉన్నవారికి ఆయాసం, విడువని దగ్గు ఉన్నట్లయితే దానిని శ్వాస అలవాటుగా కొట్టివేయరాదు.

పెద్దలలో కారణాలు

పెద్దలలో అలర్జీ, ముక్కులో కండ పెరగడం, అడ్డుగోడ వంకర ప్రధాన కారణాలు. కట్టెల పొయ్యి పొగ, బీడీ, చుట్ట, ముక్కుపొడి వాడకం ముక్కు లోపలి పొరను నిత్యం రేపుతుంటాయి. పొగ లేని వంట కొరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశవ్యాప్తంగా 2016లో ఉజ్వల పథకం ప్రారంభమైనాయి. సిలిండరు ఉన్న ఇంట కూడా నీళ్ళు కాగపెట్టడానికి కట్టెలు వాడుతున్నట్లయితే, ఆ పొయ్యిని గాలి ఆడే చోటికి మార్చడం అవసరం.

ముక్కు దిబ్బడ తగ్గించే చుక్కల మందులను మందుల దుకాణంలో కొని వారాల తరబడి వాడుకోవడం మరొక కారణం. జైలోమెటజోలిన్, ఆక్సిమెటజోలిన్ వంటివి 5 రోజులకు మించి వాడితే మందు ఆపగానే దిబ్బడ మరింత పెరుగుతుంది. పెద్ద గురక, నిద్రలో ఊపిరి ఆగడం, పగలు కునికిపాట్లు ఉన్నవారు నిద్రలో శ్వాస అవరోధ వ్యాధికి పరీక్ష చేయించుకోవాలి. దీనికి అధిక రక్తపోటుతో సంబంధం ఉన్నది. వాహన చోదకులలో ఇది ప్రమాదాలకు దారితీస్తుంది.

గుర్తించడం, చికిత్స

ఇంటివద్ద చేయదగిన పరీక్షలు సులభమైనవి. నోరు మూసి ఉండగా ముక్కు కింద అద్దం గాని, స్టీలు పళ్ళెం గాని ఉంచితే రెండు రంధ్రాల వద్ద ఆవిరి పట్టాలి. ఒకవైపు పట్టకపోతే ఆ వైపు అడ్డంకి ఉన్నట్లు భావించవచ్చు. పెద్దలు, పెద్ద పిల్లలు కూర్చుని 2, 3 నిమిషాలు నోరు మూసుకుని ముక్కుతో ఇబ్బంది లేకుండా శ్వాసించగలిగితే దారి తెరిచి ఉన్నట్లే. అట్లు చేయలేని వారిని బలవంతపెట్టరాదు.

అలర్జీ ఉన్నవారికి వైద్యుని సలహాపై ముక్కులో కొట్టుకునే స్ప్రే మందులు సత్ఫలితాలనిస్తాయి. ఉప్పునీటితో ముక్కు కడుగుకోవడం కూడా మేలు చేస్తుంది. పావు లీటరు నీటికి అర చిన్న చెంచా ఉప్పు చాలు. అయితే నీటిని తప్పనిసరిగా మరగకాచి చల్లార్చి వాడాలి. బావి, చెరువు, కుళాయి నీటిని నేరుగా ముక్కులోనికి పోయరాదు. అటువంటి నీటిలో ఉండగల అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరి ప్రాణాంతకం కాగలదు. కేరళలో 2024, 2025 సంవత్సరాలలో నమోదైన అమీబా మెదడువాపు కేసులు ఈ హెచ్చరికను బలపరుస్తున్నాయి.

ఎడినాయిడ్స్ ఉన్న పిల్లలందరికీ శస్త్రచికిత్స అవసరం లేదు. నిద్రలో శ్వాస అవరోధం ఉన్న 5 నుండి 9 సంవత్సరాల 464 మంది పిల్లలపై అమెరికాలో జరిపిన అధ్యయన ఫలితాలు 2013లో వెలువడినాయి. 7 నెలల తరువాత శస్త్రచికిత్స జరిగిన వారిలో 79 శాతం మందికి, చేయకుండా పరిశీలనలో ఉంచిన వారిలో 46 శాతం మందికి నిద్ర పరీక్ష సాధారణ స్థితికి వచ్చినది. శస్త్రచికిత్స పొందిన వారిలో ప్రవర్తన, జీవన నాణ్యత మెరుగైనప్పటికీ, ఏకాగ్రత పరీక్షలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కాబట్టి చెవి, ముక్కు, గొంతు వైద్య నిపుణుడు ప్రతి పిల్లవానిని విడిగా పరీక్షించి నిర్ణయించవలసి ఉంటుంది.

అలవాటు మార్చుకునే విధానం

ముక్కు దారి తెరిచిన తరువాత కూడా నోరు తెరిచి ఉంచడం కొనసాగినట్లయితే సాధన అవసరం. పెదవులు మూసి, నాలుకను అంగిలికి ఆనించి, పళ్ళను బిగించక ఉంచడం సరియైన స్థితి. చదువుకునే వేళ పెదవుల మధ్య కాగితం ముక్కను కొన్ని నిమిషాలు పట్టి ఉంచడం, నోరు మూసుకుని సాధ్యమైనంత వేగంతో నడవడం, పక్కకు తిరిగి పడుకోవడం ఉపకరిస్తాయి. ప్రాణాయామంలోని నెమ్మది శ్వాస కూడా ముక్కుతో శ్వాసించడాన్ని అలవరుస్తుంది. నాలుక, గొంతు కండరాల వ్యాయామాలతో ఒక మోస్తరు నిద్ర అవరోధం ఉన్న పెద్దలలో 3 నెలలలో మెరుగుదల కనిపించినట్లు 2009లో బ్రెజిల్ వైద్యులు ప్రకటించారు. శంఖం ఊదడం సాధన చేసిన వారిలో పగటి మగత తగ్గినట్లు జైపూర్‌లో 30 మందిపై జరిపిన చిన్న అధ్యయనం 2025లో తెలిపినది. ఇవి చికిత్సకు తోడ్పడేవే గాని చికిత్సకు బదులు కావు.

రాత్రివేళ నోటికి టేపు అంటించుకునే పద్ధతి ఇటీవల ప్రచారంలోకి వచ్చినది. ముక్కు దిబ్బడ, నిద్రలో శ్వాస అవరోధం ఉన్నవారికి ఇది ప్రమాదకరం. పిల్లలకు ఎట్టి పరిస్థితులలోను చేయరాదు.

అందుబాటులో ఉన్న సేవలు

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక నుండి 18 సంవత్సరాల వరకు పిల్లలను పరీక్షించడానికి ఉద్దేశించబడినది. అంగన్‌వాడీలలో ఏటా రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలలో ఒకసారి పరీక్షలు జరపాలని మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. చెవిలో చీము, వినికిడి లోపం, దంత సమస్యలు, ఉబ్బసం వంటి శ్వాస సమస్యలు ఈ కార్యక్రమం జాబితాలో ఉన్నాయి. నోటి శ్వాస విడిగా ఆ జాబితాలో లేనందున, నోరు తెరిచి ఉండే పిల్లవానికి ఈ నాలుగింటినీ శ్రద్ధగా పరీక్షించడం సిబ్బంది బాధ్యత. మార్కాపురం, గిద్దలూరు ప్రభుత్వ ఆసుపత్రులలో తొలి పరీక్ష చేయించుకుని, అవసరమైన వారు ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగాన్ని సంప్రదించవచ్చు.

ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆశా కార్యకర్తలు, కార్మిక శాఖ సిబ్బంది తమ పరిధిలో ఈ లక్షణాన్ని గుర్తించి ఆసుపత్రికి పంపినట్లయితే, ఒక బాలుని వినికిడిని, ఒక కార్మికుని ఊపిరితిత్తులను సకాలంలో కాపాడవచ్చు. నోరు మూసుకొమ్మని చెప్పడానికి ముందు ముక్కుతో గాలి ఆడుతున్నదా అని అడగడమే ఇందుకు తొలి మెట్టు.