అంచనా గ్రేడ్లకు మించిన షరతు: బ్రిటన్ యూనివర్సిటీ ఆఫర్లలో దేన్ని ఎంచుకోవాలి?

బ్రిటన్‌లో డిగ్రీ కోర్సులకు విద్యార్థులు తుది పరీక్షలు రాయకముందే దరఖాస్తు చేస్తారు. ఉపాధ్యాయులు ఇచ్చిన అంచనా గ్రేడ్ల ఆధారంగా విశ్వవిద్యాలయాలు షరతులతో కూడిన ఆఫర్లు ఇస్తాయి. కోరిన గ్రేడ్లు అంచనాను మించినప్పుడు ఏ ఆఫర్‌ను అంగీకరించాలన్నది కీలక నిర్ణయమవుతుంది.

ఫర్మ్, ఇన్సూరెన్స్ అంటే?

ప్రవేశాల సంస్థ యూకాస్ ద్వారా గరిష్ఠంగా 5 కోర్సులకు దరఖాస్తు చేయవచ్చు. సమాధానాలన్నీ వచ్చాక రెండు ఆఫర్లనే నిలుపుకోవాలి. మొదటి ప్రాధాన్యాన్ని ‘ఫర్మ్’ అని, రెండోదాన్ని ‘ఇన్సూరెన్స్’ అని అంటారు. ఫర్మ్ షరతు నెరవేరితే ఇన్సూరెన్స్ ఆఫర్ దానంతటదే రద్దవుతుంది. ఫర్మ్ చేజారితేనే రెండోది అక్కరకు వస్తుంది.

ఎలా ఎంచుకోవాలి?

ఒక విద్యార్థి అంచనా ఏబీబీ అనుకుందాం. ఏఏఏ, ఏబీబీ, బీబీసీ కోరుతూ మూడు ఆఫర్లు వచ్చాయి. ఎక్కువ ఇష్టపడిన కోర్సు ఏఏఏ కోరుతున్నదే అయితే దాన్ని ఫర్మ్‌గా పెట్టుకోవచ్చు. అప్పుడు ఇన్సూరెన్స్‌గా ఏబీబీ కన్నా బీబీసీ ఆఫర్ క్షేమకరం. ఎందుకంటే అంచనాలు తరచూ వాస్తవాన్ని మించి ఉంటాయి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధన ఒకటి 2016లో ఈ విషయాన్ని వెల్లడించింది. దాని ప్రకారం అంచనా సరిగ్గా నిజమైనది 16 శాతం మందికే. సుమారు 75 శాతం మందికి అంచనా కన్నా తక్కువ గ్రేడ్లు వచ్చాయి.

ఇన్సూరెన్స్ కూడా ఒప్పందమే. ఫర్మ్ తప్పి, దాని షరతు నెరవేరితే విద్యార్థి అక్కడే చేరాల్సి ఉంటుంది. వద్దనుకుంటే యూకాస్ ద్వారా ఆ సీటును తానే వదులుకోవాలి. కాబట్టి చేరడానికి ఇష్టంలేని కోర్సును అక్కడ పెట్టకూడదు.

రెండూ తప్పితే?

ఆగస్టులో ఏ-లెవల్ ఫలితాలు వెలువడ్డాక, కొద్దిలో గ్రేడు తప్పినవారిని కొన్ని విశ్వవిద్యాలయాలు చేర్చుకుంటాయి. అయితే అది వాటి విచక్షణే, విద్యార్థి హక్కు కాదు. రెండు ఆఫర్లూ చేజారినవారు ‘క్లియరింగ్’ విధానంలో మిగిలిన సీట్లకు ప్రయత్నించవచ్చు.

తెలుగు విద్యార్థులకు

ఇంటర్, సీబీఎస్ఈ విద్యార్థులకు షరతు సాధారణంగా మార్కుల శాతంలో ఉంటుంది. వారి ఫలితాలు ఏ-లెవల్ కన్నా ముందే, సాధారణంగా ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. యూకాస్‌కు సమాధానమిచ్చే గడువు అప్పటికి ముగియకపోతే, అంచనాను బట్టి కాక చేతిలోని మార్కులను బట్టే నిర్ణయించుకోవచ్చు. ఆగస్టు వరకు ఆగి క్లియరింగ్‌పై ఆధారపడితే వీసాకు, వసతికి వ్యవధి తగ్గుతుంది.