పెద్ద చదువుల లెక్కల పుస్తకాలు



కాలేజీలు తెరిచే రోజులొచ్చాయంటే మనకి ఊపిరి సలపదు. ఫీజులు, హాస్టలు పెట్టె, బస్సు పాసు. వీటన్నిటి నడుమ పుస్తకాల పట్టీ ఒకటి చేతికొస్తుంది. డిగ్రీలో లెక్కలు, సాంఖ్యకశాస్త్రం, కంప్యూటర్లు తీసుకున్న అమ్మాయికి ఏ పుస్తకం కొనాలంటే "అదంతా మాస్టార్లు చూసుకుంటారులే" అని వదిలేస్తాం. కాని ఆ ఎంపిక వెనక పెద్ద చరిత్రే ఉంది. మన ఖమ్మం, భద్రాచలం అడవి అంచున అది మరీ చిత్రమైన చరిత్ర.

భద్రాచలం ప్రాంతాన్ని 1860లో నిజాం ఇంగ్లీషువారికి ఒప్పగించాడు. 1874లో అది మద్రాసు రాజధానిలో కలిసింది. గోదావరికి ఈ గట్టున ఉన్న పాల్వంచ, ఖమ్మం నిజాం రాజ్యంలోనే ఉండిపోయాయి. రెండు గట్ల మీదా తెలుగు మాటే, కోయ మాటే. చదువు మాత్రం ఈ గట్టున ఉర్దూలో, ఆ గట్టున ఇంగ్లీషులో!

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. దానికి పుస్తకాలు కావాలని ఏడాది ముందే, 1917లో, అనువాద శాఖను పెట్టారు. గణితంతో సహా పెద్ద చదువుల పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చారు. మన దేశభాషలో కూడా పై చదువులు చెప్పవచ్చునని చూపించిన ఘనత వాళ్లది. ఒప్పుకోవాలి. అయితే ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి ఆ దేశభాష తనది కాకపోయింది. అటు మద్రాసు విశ్వవిద్యాలయంలోను, 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోను ఇంగ్లీషే. హాల్ అండ్ నైట్ బీజగణితం, లోనీ త్రికోణమితి మన తాతల నాటి నుంచి వినబడుతున్న పేర్లే కదా! అవి రెండూ 19వ శతాబ్దంలో ఇంగ్లండులో అచ్చయిన పుస్తకాలు.

1948లో హైదరాబాదు రాజ్యం దేశంలో కలిశాక ఉస్మానియా ఇంగ్లీషులోకి మారింది. 1953లో ఖమ్మం జిల్లా అయింది. 1959లో భద్రాచలం కూడా ఈ జిల్లాలోకి వచ్చింది. గట్లు రెండూ కలిశాయి గాని పుస్తకం ఇంకా మన భాషలోకి రాలేదు.

తెలుగులో లెక్కలు పలకవా అంటే, ఎందుకు పలకవూ? తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని మన పావులూరి మల్లన 'సారసంగ్రహ గణితము'గా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంత పాత ఆస్తి ఉండి కూడా, కాలేజీ చదువుకు తెలుగు పుస్తకాలు కావాలని 1968లో తెలుగు అకాడమీ పెట్టేదాకా ఆగాల్సి వచ్చింది. దాని తొలి అధ్యక్షులు పి.వి. నరసింహారావుగారు. కలనగణితం, సంభావ్యత, మధ్యగతం, బాహుళకం వంటి మాటలు కాలేజీ పిల్లల నోట నిలిచాయంటే అందులో ఆ పుస్తకాల పాలు చాలా ఉంది. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చాక, పెళ్లై ఇంట్లో ఉన్న ఆడవాళ్లకు కూడా తెలుగు పాఠాలు చేరాయి.

ఇంకొక సంగతి, ధర. 1969లో కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు రాజారామన్‌గారు కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం మీద పుస్తకం తెచ్చినప్పుడు, విద్యార్థి కొనగలిగేలా ధర ఉండాలని పట్టుబట్టారు. సోవియట్ దేశం 1991లో విడిపోయేదాకా మాస్కో 'మీర్' వారి గణిత పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికేవి. గట్టి అట్ట, మంచి లెక్కలు. చవకైనంత మాత్రాన సరుకు నాసి అనుకోనక్కర్లేదన్నమాట.

ఇక అసలు చిక్కు ఇది. తెలుగులోనే డిగ్రీ చదివిన పిల్ల ఎం.ఎస్సీ.కి వెళితే అక్కడంతా ఇంగ్లీషు. "బాహుళకం తెలుసు, మోడ్ అంటే ఏమిటి?" అని బిక్కమొహం వేస్తుంది. పోనీ మొదటి నుంచీ ఇంగ్లీషు పుస్తకమే ఇస్తే, అర్థం కాక బట్టీ పడుతుంది. లెక్క బట్టీకి లొంగదు. ఇక కోయ ఇళ్ల ఆడపిల్లకైతే తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. ఆమెకు పాఠం రాలేదంటే తెలివి తక్కువని కాదు, దాటాల్సిన ఏరులు ఎక్కువని.

అందుకని నాకు తోచిన మాట చెబుతాను. విషయం పట్టుకోవడానికి తెలుగు పుస్తకం, మాటలు పట్టుకోవడానికి ఇంగ్లీషు పుస్తకం, రెండూ పక్కపక్కన ఉండాలి. కొనేముందు మనమే తిప్పి చూడవచ్చు. ఈ ఏటి సిలబసుకు సరిపోతుందా? చేసి చూపిన లెక్కలున్నాయా? అభ్యాసాలకు చివర జవాబులున్నాయా? గైడా, అసలు పుస్తకమా? ఇవి చూడటానికి మనకు కలనగణితం రానక్కర్లేదు. రెండూ కొనే స్తోమత లేకపోతే ఒకటి కొని, రెండోది కాలేజీ లైబ్రరీలో అడగమనండి. పై తరగతి పిల్లల దగ్గర పాతది తీసుకున్నా తప్పులేదు, సిలబసు మారలేదని చూసుకుంటే చాలు.

ప్రపంచం మెచ్చిన సాంఖ్యకశాస్త్రవేత్త సి.ఆర్. రావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, 1941లో కలకత్తా వెళ్లి సాంఖ్యకశాస్త్రం నేర్చారు. ఆయన రాసినవి ఎన్నో దేశాల్లో పాఠ్యపుస్తకాలయ్యాయి. అంతటి మనిషి ఒక పుస్తకాన్ని తల్లి లక్ష్మీకాంతమ్మగారికి అంకితమిస్తూ, చిన్నప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి తనను లేపి, చదువుకొమ్మని దీపం వెలిగించేదని రాసుకున్నారు.

ఇన్నాళ్లూ మన పిల్లల పుస్తకం ఏ భాషలో ఉండాలో దొరలు, నవాబులు తేల్చారు. ఇప్పుడు బజారు తేలుస్తోంది. ఇంట్లో దీపం పెట్టే మనం ఈసారి పుస్తకం కూడా ఒకసారి చేతిలోకి తీసుకుని చూద్దాం.

సెలవు.