తాయం పడేదాకా

వైకుంఠ ఏకాదశి రాత్రి జాగారానికి పరమపద సోపానపటం పరచడం తమిళనాట పాత అలవాటు. నాయకరాజుల కాలంలో మదురై సీమకు వెళ్ళి స్థిరపడిన తెలుగు ఇళ్ళలోనూ, కోయంబత్తూరు చుట్టుపక్కల ఊళ్ళ తెలుగు ఇళ్ళలోనూ అంతే. తరాలు గడిచేసరికి చాలామందికి తెలుగు లిపి దూరమైంది, మాట ఇంట్లో నిలిచింది. పటం పక్కన పెట్టే ఇత్తడి పాచికలకు మాత్రం తమిళ పేరే: తాయకట్టెలు. గణితంలో సంభావ్యత అనే పాఠం మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి పనిముట్టు నాకు తెలియదు.

కట్టె నిలువుగా, నాలుగు పలకలతో ఉంటుంది. ఒక పలక ఖాళీ, మిగతా మూడింటి మీద ఒకటి, రెండు, మూడు చుక్కలు. రెండు కట్టెలనూ అరచేతుల మధ్య దొర్లించి వేస్తారు. నాలుగు నాలుగులు పదహారు కాబట్టి అవి పడగల తీరులు 16. ఒకటి ఖాళీగా, ఒకటి ఒంటిచుక్కతో పడితే తాయం. అది పడితేగానీ కాయ లోపలికి దిగదు. ఏ కట్టె ఖాళీ, ఏది చుక్క అన్నదాన్ని బట్టి తాయానికి రెండు దారులున్నాయి. అంటే 16లో 2, ఎనిమిదింట ఒక వంతు. మూడుకు నాలుగు దారులు, ఆరుకు ఒక్కటే. రెండూ ఖాళీగా పడితే సున్నా కావాలి, కానీ ఆట దాన్ని 12గా లెక్కిస్తుంది. వట్టి చేతికి అన్నిటికంటే పెద్ద పందెం ఇచ్చిన ఆ నియమం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. దాని వల్ల ఒక్కో వేటుకు సగటు రాబడి 3 నుంచి 3.75కి పెరుగుతుంది.

ఇక ఎదురుచూపు. సగటున ఎనిమిది వేట్లకు ఒక తాయం. అయినా వరసగా ఎనిమిదిసార్లు వేసినా ఒక్కటీ పడకపోయే అవకాశం 34 శాతం దాకా ఉంది. "ఏడుసార్లు పడలేదు, ఈసారి పడి తీరాలవ్వా" అని పిల్లలు అవ్వ దగ్గర మారాం చేస్తారు. ఇత్తడికి జ్ఞాపకం లేదు. ఎనిమిదో వేటుకూ అదే ఎనిమిదింట ఒక వంతు. స్వతంత్ర ఘటనలంటే ఇవే.

పాచికలు చాలా పాతవి. మదురై దాపున కీళడి తవ్వకాల్లో దంతపు పాచికలు దొరికాయి. సింధు నాగరికత వాళ్ళు కూడా పొడవాటి పాచికలు చేసుకున్నారు. మహాభారతంలో ఋతుపర్ణుడు రథం మీద పోతూ తాండ్రచెట్టు కొమ్మల ఆకులూ కాయలూ ఎన్నో చెబుతాడు. నలుడు దిగి లెక్కపెడితే సరిపోతుంది. ఆ రాజుకు లెక్కించే విద్యతోపాటు అక్షహృదయమూ, అంటే పాచికల మర్మమూ తెలుసు. లెక్కనూ జూదాన్నీ అంత దగ్గరగా కూర్చిన కథ అది. నన్నయ అరణ్యపర్వంలో తెలుగులోకి వచ్చింది.

చేతికి తెలిసినది కాగితం మీదికి రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. మూడు పాచికలు వేస్తే తొమ్మిది కంటే పది కాస్త ఎక్కువగా పడుతుందని ఇటలీ జూదగాళ్ళు ఆడి ఆడి పసిగట్టారు. ఎందుకో గెలీలియో లెక్కించి చూపాడు: 216 తీరుల్లో తొమ్మిదికి 25, పదికి 27. అంత సన్నని తేడాను కేవలం ఆడి పట్టుకున్నారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1654లో పాస్కల్, ఫెర్మా మధ్యలో ఆగిపోయిన ఆటలో పందెం సొమ్ము ఎలా పంచాలో ఉత్తరాల్లో తేల్చుకున్నారు. ఈ శాస్త్రానికి సూత్రాల పునాదిని కొల్మోగొరోవ్ 1933లో వేశాడు.

ఇంతకీ పై లెక్కంతా పలకలు సమంగా ఉన్నాయన్న నమ్మకం మీద నిలిచింది. కట్టెలు లేని ఇళ్ళలో గవ్వలు వేస్తారు, అక్కడ ఆ నమ్మకం చెల్లదు. గవ్వ వీపు ఉబ్బు, నోరు చదును. వెల్లకిలా పడుతుందా బోర్లా పడుతుందా అన్నది సగం సగం కానక్కర్లేదు. అలాంటిదాని సంభావ్యతను కూర్చుని ఊహించలేం, వేసి చూడాలి. వేట్లు పెరిగేకొద్దీ, పడినవాటి నిష్పత్తి అసలు విలువకు దగ్గరవుతుందని జాకబ్ బెర్నూలీ నిరూపించాడు. ఆ పుస్తకం ఆయన పోయిన ఎనిమిదేళ్ళకు, 1713లో అచ్చయింది. అవ్వ డబ్బాలోని గవ్వల సంగతి తెలియాలంటే, ఆ గవ్వలనే వందలసార్లు వేసి, ఒక్కో వేటూ రాసుకోవాలి.