శిశుసంరక్షణమునకు స్థిరమైన ప్రభుత్వధనము

నాట్లకు గాని, కర్మాగారమునకు గాని, ఇండ్లు కట్టుచోటికి గాని కూలికి బోవు తల్లి తన పసిబిడ్డ నెవరి కప్పగించి పోవలెనను ప్రశ్నకు మనదేశమున నూరేండ్లుగా మూడు సమాధానములు లభించినవి. మొదట దాతల దయయు, పిదప యజమానులపై చట్టము మోపిన బాధ్యతయు, తుదకు ప్రభుత్వ పథకమును ఆ భారమును వహించినవి. ఈ మూటి చరిత్రను పరిశీలించినచో, సదుద్దేశమునకు లోటెన్నడును లేదనియు, నిలకడగల ధనమునకే లోటుండెననియు తేటపడును.

1926లో గిజూభాయి బధేకాయు, తారాబాయి మోడకును నూతన బాలశిక్షణ సంఘమును స్థాపించిరి. శిశువిద్య పట్టణములలోని సంపన్నులకే పరిమితమగుట సహింపని తారాబాయి 1945లో బోర్డీ గ్రామమునకు తరలి, అనూతాయి వాఘ్ తోడ్పాటుతో, ఊర దొరకు వస్తువులనే పరికరములుగ గైకొని, పేదల వాకిళ్లకే బడిని కొనిపోయెను. రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలై, స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లొసగు విధానము ద్వారా గ్రామములందు బాల్వాడీలను పసిపిల్లల బడుల వ్యాప్తికి దోహదము చేసెను. ఇవన్నియు మహనీయ ప్రయత్నములే. కాని విరాళమును గ్రాంటును నమ్ముకొన్న బాల్వాడీ, ఆ రెండును నిలిచినంత కాలమే నిలువగలదు.

చట్టమార్గము వేరొకటి. 50 మందికి మించి స్త్రీలు పనిచేయు కర్మాగారమున శిశుగృహ ముండవలెనని 1948నాటి ఫ్యాక్టరీల చట్టము విధించెను; 1976లో ఆ సంఖ్య 30కి తగ్గినది. ఆ సంఖ్యకు లోబడి స్త్రీలను నియమించు యజమానికి గాని, అసంఖ్యాకులగు స్త్రీలు శ్రమించు పొలములకు గాని, ఇండ్లు కట్టుచోట్లకు గాని ఆ చట్టము సోకలేదు. 1969లో మీరా మహదేవన్ ఢిల్లీలో కట్టుబడి కూలీల బిడ్డలకై మొబైల్ క్రెషెస్ సంస్థ నారంభింపవలసి వచ్చుటయే ఆ లోపమునకు తార్కాణము.

1974నాటి జాతీయ బాలల విధానము పిల్లలను జాతిసంపదగా గుర్తించినది. మరుసటి యేడు అక్టోబరు 2న, 33 ప్రాజెక్టులతో, సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథక మారంభమై, ఆహారము, టీకాలు, వైద్యపరీక్షలు, పూర్వప్రాథమిక విద్య మొదలగు ఆరు సేవలను అంగన్‌వాడీ యను ఒక్క గూటికి చేర్చినది. ప్రతి జనావాసమునను కేంద్ర ముండవలెనని 2001లోను, వాని సంఖ్య 14 లక్షలకు తగ్గరాదని 2006లోను సుప్రీంకోర్టు ఆదేశించినది. 2013నాటి ఆహారభద్రతా చట్టము ఆరునెలలు మొదలుకొని ఆరేండ్ల వరకుగల బిడ్డకు అంగన్‌వాడీ ఆహారమును హక్కు గావించినది.

హక్కు స్థిరపడినను దానిని పోషించు ధనము స్థిరపడలేదు. చాలకాలము పౌష్టికాహార వ్యయమంతయు రాష్ట్రములదే యగుటచే, ఖజానా వట్టిపోయినచోట గిన్నెయు వట్టిపోయెను. 2005-06 నుండి కేంద్రము అందు సగము భరింప మొదలిడినది. తక్కిన వ్యయమున 2009-10లో నూటికి 90గానున్న కేంద్రభాగము, 2015-16 నుండి పెక్కు రాష్ట్రములకు 60కి దిగినది. 2017లో బిడ్డకు రోజుకు 6 రూపాయలనుండి 8 రూపాయలకు హెచ్చించిన ఆహారవ్యయ పరిమితి, గ్రుడ్ల ధరయు పప్పుల ధరయు ఎంత పెరిగినను, ఏండ్లతరబడి చలింపలేదు. ఆ యేడే జాతీయ శిశుగృహ పథకమున కేంద్రము 60, రాష్ట్రము 30, నడుపు సంస్థ 10 పాళ్లు భరింపవలెనను నియమము రాగా, శిశుగృహములు వేలకొలదిగ మూతపడినవి.

ఈ చపలత్వము బిడ్డలకన్న ముందుగా వారిని సాకు స్త్రీలను తాకును. అంగన్‌వాడీ టీచరుకు కేంద్రమొసగు గౌరవవేతనము 2018లో 4500 రూపాయలకు పెరిగినను, తక్కినది రాష్ట్రముల దయపై నిలిచినది. ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లును ఆయాలును 2023 డిసెంబరు మొదలుకొని 42 దినములు సమ్మె సాగించుట ధనలోలతచే గాదు. శాశ్వతమగు పనికి తాత్కాలికమగు ప్రతిఫలము చాలనందుననే.

రాష్ట్రముల యవసరములు వేర్వేరు గనుక వాటాలు మారవలసినదే యనువారు కలరు. నిర్వహణ వికేంద్రితమగుట మేలే. కాని దానితో ధనముకూడ చెదరిపోవలసిన పనిలేదు. ప్రాథమిక పాఠశాలను ఏ ప్రభుత్వమును పథకముగ నెంచి ఏటేట దాని మనుగడను తర్కింపదు. అంగన్‌వాడీకిని అట్టి స్థానమే చట్టమున నీయవలెను: ఒక్కొక్క బిడ్డకగు వ్యయమును ధరల ననుసరించి ఏటేట సవరింపవలెను; కేంద్రభాగము కనీసము పదేండ్లకు కట్టుబడవలెను; టీచరుకును ఆయాకును వేతనము, పింఛను నిర్ణయింపవలెను; కూలిపని ముగియు సాయంకాలము వరకు మూడేండ్లలోపు శిశువులనుగూడ చూచు ఏర్పాటు ప్రతి పల్లెను కలుగవలెను. మూడు తరములు ప్రయోగించి నిరూపించిన దానిని ఇక ప్రయోగముగనే యుంచుట న్యాయముగాదు.